అంగడి తాళం

మే 9, శుక్రవారం సాయంత్రం 5 గంటల 24 నిమిషాలకు నందికొట్కూరులోని పెద్దసుబ్బయ్య ఇంట్లో చించిల్లా చనిపోయి కనిపించింది. మొదట చూసింది నాగజ్యోతి. ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఆ సమయానికి ఇంటివాళ్ళు ముగ్గురూ ప్రొద్దుటూరులో పెళ్ళి చూసుకుని కారులో తిరిగి వస్తున్నారు. పెద్దసుబ్బయ్య, ఆయన కొడుకు శివప్రసాద్, కోడలు సుందరలక్ష్మి. సుందరలక్ష్మి ఫోను మోగేసరికి కారు ఆళ్ళగడ్డ దాటింది.

"గసాలు పోయిందక్కా," అంది నాగజ్యోతి. "మెయిను దిగిపోయి ఉండాది. ఇప్పుడే ఎత్తినా."

సుందరలక్ష్మి మళ్ళీ చెప్పమంది. నాగజ్యోతి మళ్ళీ అదే చెప్పింది.

గసాలు అని పేరు పెట్టింది సుందరలక్ష్మి కూతురు శ్రీవాణి. బెంగళూరులో ఫార్మసీ చదువుతోంది. హాస్టల్లో జంతువులు ఉండకూడదన్నారని జనవరిలో దాన్ని తెచ్చి ఇంట్లో వదిలింది. ఎలుక జాతి. ఉడుత తోక, గుండ్రటి చెవులు, గసగసాల రంగు. చలిదేశపు కొండల్లో పుట్టే జంతువని, ఒంటి మీద బొచ్చు దట్టమని, నందికొట్కూరు ఎండకు ఒక పూట కూడా ఆగదని శ్రీవాణి ముందే చెప్పింది. మేడమీద ఏసీ గదిలో బోను పెట్టి, దాని మీద కాగితం అంటించి పోయింది. గది 24 డిగ్రీలు దాటకూడదు. నీళ్ళతో తడపకూడదు. వారానికి రెండుసార్లు, పది నిమిషాలు, డబ్బాలో ఉన్న పొడిలో పొర్లనివ్వాలి. గడ్డి ఎప్పుడూ ఉండాలి. కొరకడానికి పుల్లలు ఉండాలి. పళ్ళు నారింజ రంగులో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. చెవులు ఎర్రబడితే వేడి తగిలినట్టు.

ఆ కాగితాన్ని మొదటిరోజే పైకి చదివింది నాగజ్యోతి. ఏడో తరగతి దాకా చదువుకుంది. పళ్ళ సంగతి విని పెద్దసుబ్బయ్య, "ఏమప్పా, ఇది వక్కాకు నములుతాండాదా?" అని బోనులోకి తొంగిచూశాడు. తర్వాత ఆయన మేడమీదికి రాలేదు. పనంతా నాగజ్యోతి మీద పడింది. బండలు కోసేవాళ్ళ దగ్గర అడిగి బేతంచెర్ల నాపరాయి ముక్క ఒకటి తెచ్చి, అంచులు రుద్ది, బోనులో పరిచింది. గసాలు మధ్యాహ్నాలు ఆ రాయి మీదే పడుకునేది. వాళ్ళక్క ఊళ్ళో పట్టుపురుగుల షెడ్డు ఉంది. అక్కడినుంచి మల్బరీ పుల్లలు తెచ్చి, కడిగి, ఆరబెట్టి, జానెడు జానెడు ముక్కలు చేసి కట్టలు కట్టింది. స్టీలు బేసిన్‌లో పొడి పోసి పెడితే గసాలు దూకి పొర్లేది. పొడి గదంతా లేచేది. నాగజ్యోతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడ గడియారం చూసి, పది నిమిషాలకు బేసిన్ తీసేది.

ఏడున్నర దాటాక కారు ఇంటి ముందు ఆగింది. నాగజ్యోతి వసారాలో నిలబడి ఉంది. బోను ఇప్పుడు కింది అంతస్తులో, మెట్ల పక్కన సామాన్ల గదిలో, నాపరాళ్ళ నేల మీద ఉంది. దాని పక్కన రెండు నీళ్ళసీసాలు తువ్వాలులో చుట్టి ఉన్నాయి. గసాలు రాయి మీద పక్కకు ఒరిగి ఉంది.

నాగజ్యోతి చెప్పింది ఇది. పొద్దున పదకొండుకు వచ్చింది. తనకిచ్చిపోయిన తాళంచెవితో తలుపు తీస్తే కరెంటు లేదు. మేడమీది గదిలో ఏసీ ఆగి ఉంది. బోనుకు వేలాడదీసిన థర్మామీటరు 37 చూపించింది. గసాలు చెవులు ఎర్రగా ఉన్నాయి, ఊపిరి వేగంగా తీస్తోంది. కరెంటు తీశారనుకుంది. ఎండాకాలం తీయడం మామూలే. బోను కిందికి దించింది, ఫ్రీజర్లో గడ్డకట్టిన సీసాలు తీసి పక్కన పెట్టింది. ముప్పావుగంట కూర్చుంది. చెవుల ఎరుపు కొంచెం తగ్గింది. పన్నెండుకు ముందు తాళం వేసి, మూడిళ్ళ అవతల పనికి పోయింది. అక్కడ ఫ్యాను తిరుగుతోంది. కరెంటు వచ్చిందనుకుంది. బోను ఏసీ గదిలో లేకున్నా, హాల్లో ఫ్యాను స్విచ్చి వేసే పోయింది కాబట్టి గాలి తగులుతుందనుకుంది. సాయంత్రం వచ్చి చూస్తే ఫ్యాను తిరగడం లేదు. అప్పుడు తలుపు వెనకాల బోర్డు చూసింది. మెయిన్ కిందికి ఉంది.

ఇంట్లో ఇన్వర్టర్ లేదు. రెండేళ్ళ కింద దాన్ని తమ బట్టల అంగడికి తీసుకుపోయారు.

పెద్దసుబ్బయ్య కుర్చీలో కూర్చుని లైన్‌మన్ మహానందికి ఫోను చేశాడు. అందరికీ వినపడేటట్టు స్పీకరు పెట్టాడు. ఆ లైన్లో ఈపొద్దు ఒక్క నిమిషం కూడా తీయలేదు సెట్టీ అన్నాడు మహానంది.

శివప్రసాద్ వసారా కెమెరా రికార్డింగులు ఫోనులో తీశాడు. ఆ కెమెరా ఎవరైనా కదిలితేనే రికార్డు చేస్తుంది. కదలిక లేకపోతే ఏమీ ఉండదు. పదకొండు గంటల దగ్గర చూశాడు. ఏమీ లేదు. పన్నెండు దగ్గర చూశాడు. ఏమీ లేదు. సాయంత్రం 5 గంటల 31 నిమిషాల దగ్గర నాగజ్యోతి ఫోను పట్టుకుని వసారాలోకి రావడం ఉంది.

"పదకొండుకు నువ్వు రాలేదు," అన్నాడు శివప్రసాద్.

"వచ్చినా సామీ. చెవులు ఎర్రగా ఉండె. నేను రాకుంటే నాకెట్ల తెలుస్తాది?"

"కాగితంలో రాసి ఉండాది గదా," అన్నాడు పెద్దసుబ్బయ్య. "సాయంత్రం వచ్చినావు. చచ్చిపోయింటే చూసినావు. కిందికి దించి సీసాలు పెట్టినావు. మెయిను దానంతట అది దిగుతాదా? ఇల్లు తాళం వేసింది నా కోడలు. ఆయమ్మ తాళం వేసిందంటే నేను వెనక్కి తిరిగి చూడను. ఇరవై నాలుగేండ్లుగా చూళ్ళేదు."

నాగజ్యోతి సుందరలక్ష్మి వైపు చూసింది.

సుందరలక్ష్మి పట్టుచీర ఇంకా మార్చుకోలేదు. అబద్ధం కన్నా పొరపాటు అయితే మామ చల్లబడతాడని ఆమెకు అనిపించింది. "పోయినేడు జ్యోతికి మోటారు కాడ షాకు కొట్టింది కద మామా," అంది. "అప్పట్నుంచి వెనకాల కడిగేటప్పుడు మెయిను దించుతాది. దించి మర్సిపోయి ఉంటాది."

"ఈపొద్దు నేను కడగనే లేదక్కా," అంది నాగజ్యోతి.

ఆమె సామాన్ల గదిలోకి పోయి, తువ్వాలులోంచి సీసాలు తీసి ఫ్రీజర్లో పెట్టి, తువ్వాలు పిండి దండెం మీద వేసి వెళ్ళిపోయింది. శ్రీవాణి వీడియో కాల్ చేసింది. చూపించమంది. శివప్రసాద్ ఫోను బోను వైపు తిప్పేసరికి, వద్దులే నాయనా అంది. పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర పాతిపెట్టారు.

మరుసటిరోజు పొద్దున ఏడు దాటాక నాగజ్యోతి రోజూలాగే పనికి వచ్చింది. గేటుకు లోపల గడియ పెట్టి ఉంది. పెద్దసుబ్బయ్య వసారాలో పేపరు చదువుతున్నాడు. తల ఎత్తకుండా, పని వద్దు, తాళంచెవి ఇచ్చిపొమ్మన్నాడు. సుందరలక్ష్మి గేటు దాకా పోయి కమ్మీల మధ్యనుంచి తాళంచెవి అందుకుంది.

*

ఆ వీధిలో నాగజ్యోతి నాలుగిళ్ళలో చేసేది. అందులో రెండిళ్ళవాళ్ళు ఊరికి పోయేటప్పుడు ఆమెకే తాళంచెవి ఇచ్చిపోయేవాళ్ళు. మొక్కలకు నీళ్ళు, పాలు, దీపం అన్నీ ఆమె చూసేది. ఆ వీధిలో తాళంచెవి ఇచ్చే పనిమనిషి వేరు, ఇవ్వని పనిమనిషి వేరు. పెద్దసుబ్బయ్య అంగడి మెట్ల మీద కూర్చుని ఇద్దరు ముగ్గురికి ఈ సంగతి చెప్పాడు. కోపంగా చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నట్టు చెప్పాడు. సోమవారానికి ఆ రెండిళ్ళవాళ్ళు తాళంచెవులు వెనక్కి తీసుకుని పని మాన్పించారు. నాలుగో ఇంటివాళ్ళు రమ్మన్నారు గానీ, ఆమె పనిచేస్తున్నంతసేపు ఆ ఇంటామె వెంటే తిరిగిందట. మంగళవారం నాగజ్యోతి అక్కడికీ పోలేదు.

మంగళవారం, మే 13. శివప్రసాద్ సరుకు కోసం ఆదోని పోయాడు. అంగడి మూసే పని ఎప్పటిలాగే సుందరలక్ష్మిది. విప్పిన చీరలు మడిచింది. మడత మీద అరచేయి రుద్ది, అంచు బయటికి వచ్చేటట్టు అరల్లో పెట్టింది. గల్లాకు తాళం వేసింది. అమ్మవారి పటం ముందు దీపం కొండెక్కించింది. వెనక ఇన్వర్టరు ఆపి, అక్కడినుంచి ముందుకు ఒక్కొక్క ఫ్యాను, ఒక్కొక్క లైటు ఆర్పుకుంటూ వచ్చింది. బయట షట్టరు దించి, తాళం వేసి, మూడుసార్లు లాగి చూసింది. పెద్దసుబ్బయ్య మెట్లు దిగి కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నాడు. లోపల పెట్టి మర్చిపోయాడు.

సుందరలక్ష్మి తాళం తీసి, షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి పోయింది. లైటు స్విచ్చి వేసింది. వెలగలేదు. పక్క స్విచ్చి వేసింది. వెలగలేదు. ఫోను లైటు వేసి బోర్డు చూసింది. మెయిన్ దించి ఉంది.

దించింది తనే. ఇంకెవరూ లేరు. దించిన సంగతి ఆమెకు గుర్తులేదు. దీపం గుర్తుంది, ఫ్యాన్లు గుర్తున్నాయి, లాగిన మూడుసార్లు గుర్తున్నాయి. మధ్యలో చెయ్యి బోర్డు మీదికి పోయింది గుర్తులేదు. బజారులో పక్క అంగడి కాలిపోయిన ఏడు, మెయిన్ దించకుండా షట్టరు దించొద్దని మామ నేర్పాడు. మొదట్లో రోజూ అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు.

ఆమె ఎడమచేతిలో తాళం ఉంది. అంగడికి అలాంటివి రెండు. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి ఇంటికి తాళం కొనలేదు. తొమ్మిదో తేదీ పెళ్ళి కోసం ముందురోజే అంగడి తాళాల్లో ఒకటి ఇంటికి తెచ్చి, ఒక తాళంచెవి నాగజ్యోతికి ఇచ్చింది. ఇంట్లో బోర్డు కూడా తలుపు వెనకాలే, కుడిచేతి పక్క.

"దొరకలేదా అమ్మా?" అన్నాడు బయటనుంచి పెద్దసుబ్బయ్య.

"దొరికింది మామా."

కళ్ళజోడు ఇచ్చింది. మళ్ళీ తాళం వేసింది. లాగి చూసింది.

బుధవారం తెల్లవారాక పెద్దసుబ్బయ్య నడకకు పోయాడు. సుందరలక్ష్మి హాల్లో టీవీకి కెమెరా రికార్డరు కలిపి, మే 9 తీసింది. మొదటి క్లిప్పు పొద్దున 5 గంటల 38 నిమిషాలది. వసారా బల్బు వెలుగుతోంది. పెద్దసుబ్బయ్య చేతికర్ర పట్టుకుని దిగాడు. శివప్రసాద్ సంచులు కారులో పెట్టాడు. పెద్దసుబ్బయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. తలుపు తెరిచి ఉంది. తలుపులోంచి ఆమె చీర అంచు కనిపించి లోపలికి పోయింది. క్లిప్పు 5 గంటల 41 నిమిషాల 20 సెకన్ల దగ్గర ఆగిపోయింది. బల్బు వెలుగుతూనే ఉంది.

తర్వాతది సాయంత్రం 5 గంటల 31 నిమిషాలది. మధ్యలో ఏమీ లేదు.

సుందరలక్ష్మి మళ్ళీ మొదటినుంచి పెట్టింది. ఆ పొద్దున ఆమె తలుపు మూసింది. తాళం వేసింది. మూడుసార్లు లాగింది. ఆలస్యమవుతోందని శివప్రసాద్ హారన్ కొట్టాడు. మెట్లు దిగి కారు ఎక్కింది. అవేవీ అందులో లేవు. కారు పోవడం కూడా లేదు. కెమెరాకూ కరెంటు ఆ మెయిన్ నుంచే. నాగజ్యోతి రావడం ఎందుకు లేదో, వాళ్ళు పోవడం కూడా అందుకే లేదు.

ఆ పొద్దున తలుపు మూసేముందు ఆమె రెండుసార్లు మేడెక్కింది. ఏసీ 22లో పెట్టింది. నీళ్ళసీసా నింపింది. గడ్డి వేసింది. గసాలు రాయి మీదినుంచి దిగి వచ్చి ఆమె వేలు వాసన చూసింది.

*

ఎనిమిదింటికి సుందరలక్ష్మి స్కూటీ మీద నాగజ్యోతి పుట్టిన ఊరికి పోయింది. పది కిలోమీటర్లు. ఆమె జాబ్‌ కార్డు ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. మంగళవారం నుంచి కరువు పనికి పోతోందని వాళ్ళ వీధిలో చెప్పారు. ఊరిబయట గుట్ట వాలులో కందకాలు తవ్వుతున్నారు. నలభైమంది దాకా ఉన్నారు. నీడకు ఒక టార్పాలిన్ కట్టి, దాని కింద నీళ్ళ డ్రమ్ము పెట్టారు. నాగజ్యోతి తలకు తువ్వాలు చుట్టుకుని తట్టలోకి మట్టి ఎత్తుతోంది. సుందరలక్ష్మిని చూసినా తట్ట నిండేదాకా చెయ్యి ఆపలేదు. నిండాక పార కింద పెట్టింది.

"మెయిను దించింది నేనే జ్యోతీ," అంది సుందరలక్ష్మి. "అంగట్లో దించినట్టు దించేసినా. నాకే తెలీదు. కెమెరాలో చూసినా. మేం పోయింది గూడా లేదు అందులో."

నాగజ్యోతి అరచేతుల మట్టి దులుపుకుంది. కుడి అరచేతికి గుడ్డ పేలిక కట్టి ఉంది.

"నేను దించలేదని నాకు తెలుసు కదక్కా," అంది. "నాకెందుకు చెప్తాండావు? తెలీనోళ్ళకు చెప్పు."

"చెప్తా."

"మీ మామకు చెప్తివా?"

"ఇంకా లేదు. ఈపొద్దు చెప్తా."

తట్ట మోసే ఆమె వచ్చి నిలబడింది. నాగజ్యోతి వంగి తట్ట ఆమె తల మీదికి ఎత్తింది. మళ్ళీ పార అందుకుంది. గట్టు మీద నిలబడ్డ మనిషి కొలతటేపుతో పక్క కందకం లోతు చూస్తున్నాడు.

"ఆపొద్దు ఆ ఇంట్లో ఫ్యాను తిరుగుతాంటే కరెంటు వచ్చిందనుకుంటి," అంది తవ్వుతూనే. "మూడిండ్లే గదా మధ్యన. ఒకసారి వచ్చి చూసిపోయింటే బతికుండేది. అది మాత్రం నాది."

సుందరలక్ష్మి కాదంది. కాదన్నది నాగజ్యోతికి వినపడిందో లేదో తెలియదు.

"మల్బరీ పుల్లలు ఇంకా మూడు కట్టలుండాయి, మేడమీద కిటికీ కాడ. శుభ్రంగా కడిగినవి. పారేయొద్దు. అట్లాంటిది సాకేటోళ్ళు ఎవురన్నా ఉంటే పాప ఇస్తాది."

టార్పాలిన్ కిందనుంచి ఎవరో, ఆమె ఎవరే జ్యోతీ అని అడిగారు. నేను పనిచేసిన ఇంటక్క అని చెప్పింది నాగజ్యోతి. అప్పటికి తొమ్మిది కాలేదు. సుందరలక్ష్మి స్కూటీ దగ్గరికి వచ్చేసరికి సీటు మీద వేడికి చెయ్యి ఆనలేదు. కొంగు పరిచి కూర్చుంది.

*

ఆ సాయంత్రం శివప్రసాద్‌కు చెప్పింది. క్లిప్పు చూపించింది. అతను రెండుసార్లు చూశాడు. చాలాసేపు రిమోటు వదల్లేదు.

"నాయనకు ఇప్పుడు చెప్తే ఏమైతాది సుందరా?" అన్నాడు. "తాళాలు నీ చేతికిచ్చి నిశ్చింతగా కూర్చున్న మనిషి. రేప్పొద్దున్నుంచి మళ్ళీ ఆయనే వచ్చి షట్టరు కాడ నిలబడతాడు. పాపకు పరీక్షలు. 23తో అయిపోతాయి. అది ఇంటికి వచ్చినాక చెప్దాం."

"జ్యోతికి ఈపొద్దే చెప్తా అన్నా."

"పది దినాలు. అంతే గదా."

సుందరలక్ష్మి అన్నం వడ్డించింది. పెద్దసుబ్బయ్య పచ్చడి వేసుకుంటూ, కొత్త మనిషిని చూశానని, సోమవారం నుంచి వస్తుందని, ఆమెకు మాత్రం తాళంచెవి ఇచ్చే అలవాటు పెట్టొద్దని చెప్పాడు. సుందరలక్ష్మి ఆయన గ్లాసులో నీళ్ళు పోసింది.

పదహారో తేదీ అంగడికి, నాగజ్యోతి వెంటే తిరిగిన ఆ నాలుగో ఇంటామె వచ్చింది. మనవరాలి పుట్టినరోజుకు లంగా గుడ్డ చూస్తూ, నాగజ్యోతి మీ ఇంట్లో ఏదో ప్రాణిని చంపిందంట గదా, నేను కూడా ఇంకొకామెను పెట్టుకుంటాండా అంది. సుందరలక్ష్మి చేతిలో ఆకుపచ్చ తాను ఉంది. దాన్ని ఒక్క విసురుతో పరుపు మీద పరిచింది. ఇది ఉతికితే రంగు పోదు అంది. అవతల కుర్చీలో పెద్దసుబ్బయ్య ఉన్నాడు. ఆమె గుడ్డ తీసుకుని పోయాక సుందరలక్ష్మి ఆ తానును తిరిగి చుట్టింది. వదులుగా వచ్చింది. విప్పి మళ్ళీ చుట్టింది.

ఆ వారమంతా మెయిన్ దించేటప్పుడు పైకి చెప్పుకుంటూ దించింది. దించుతాండా అని. రెండుసార్లు షట్టరు తిరిగి ఎత్తి చూసింది. ఏందమ్మా అని పెద్దసుబ్బయ్య అడిగాడు. ఫోను మర్చిపోయానంది.

ఇంటికి తాళం మళ్ళీ వేయలేదు. నాగజ్యోతి ఇచ్చిన తాళంచెవి గోడ కొక్కేనికి, కారు తాళాల పక్కన వేలాడుతోంది.

శ్రీవాణి మే 24, శనివారం పొద్దున బస్సు దిగింది. సంచి కూడా దించకుండా మేడమీదికి పోయింది. కడిగి బోర్లించిన బోను, బేసిన్, పొడిడబ్బా, కిటికీ దగ్గర మూడు కట్టల పుల్లలు చూసింది. కిందికి వచ్చి పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర కొంచెంసేపు కూర్చుంది. తర్వాత వంటింట్లోకి వచ్చి, నాగజ్యోతక్క ఫోను ఎత్తడం లేదేమని అడిగింది. తన మీద కోపమా అంది. తను ఆమెను ఒక్క మాటా అనలేదని, ఫోనులో తాత చెప్పింది విని ఊరుకుందని, ఆ ఊరుకోవడమే తప్పనిపిస్తోందని చెప్పింది.

సుందరలక్ష్మి స్టవ్ ఆర్పింది. చేతులు తుడుచుకుంది. "దా, నీకొకటి చూపిస్తా," అంది.

పెద్దసుబ్బయ్య వసారాలో ఉన్నాడు. శివప్రసాద్ అంగడికి పోయాడు. సుందరలక్ష్మి టీవీ వేసి రికార్డరు కలిపింది. తేదీల్లో మే 9 వెతికింది. జాబితాలో పైకి పోయింది. కిందికి వచ్చింది.

"ఏం చూడాలమ్మా?" అంది శ్రీవాణి.

ఆ రికార్డరులో పదిహేను రోజులవే నిలుస్తాయి. కొత్తవి వచ్చేకొద్దీ పాతవి వాటంతటవే చెరిగిపోతాయి. ఆ పొద్దున జాబితాలో మే 9 లేదు. ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది మే 10 ఉదయం 7 గంటల 9 నిమిషాలది. సుందరలక్ష్మి దాన్ని నొక్కింది. గేటు లోపల గడియ పెట్టి ఉంది. గేటు బయట నాగజ్యోతి నిలబడి ఉంది. ఆమె చేతిలో తాళంచెవి ఉంది.